నలభై ఒకటిలో మూడోది

నీలం రంగు ఐసు పెట్టె మూత తీసే ముందు దేవసేన గడియారం చూసింది. ఒంటిగంటా నలభై.

లోపల ఉండవలసినవి నలభై ఒక్క రక్తపు ట్యూబులు. ఉన్నవి పాత పేపర్లో చుట్టిన రెండు సెలైన్ సీసాలు, నాలుగు గోడల వెంట నాలుగు ఐసు పలకలు.

"ఇది మీ పెట్టె కాదని ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండూ యాభైకి మేడమ్. ఈ టేబుల్ మీద పెట్టి మూత తీసినా. అప్పుడే తెలిసింది." ల్యాబ్ టెక్నీషియన్ ఆనంద్‌రాజ్‌కు ఇరవై ఆరేళ్ళుంటాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. తిరుత్తణిలోని ఆ చిన్న ల్యాబ్‌లో ఏసీ నడుస్తున్నా అతనికి చెమట ఆగడం లేదు.

దేవసేనను పిలిపించింది డాక్టర్ యేసురత్నం. కిడ్నీ వైద్యుడు. ఆమె ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖలో పనిచేసి, ఎస్సైగా ఉండగానే రాజీనామా ఇచ్చి, ఈ ఊళ్ళోనే డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుందని ఆయనకు తెలుసు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చిన వెంటనే ఆమెకూ ఫోన్ చేశాడు.

"కొత్తమిట్ట అని అత్తిమంజేరిపేట దాటాక ఒక పల్లె" అన్నాడాయన. "ఆరేళ్ళలో పద్నాలుగు మంది పోయారు. అందరూ పొలం పని చేసేవాళ్ళే. సగం మందికి యాభై కూడా నిండలేదు. షుగరు లేదు, బీపీ లేదు. కిడ్నీలు మాత్రం చడీచప్పుడూ లేకుండా పోతున్నాయి. నీళ్ళ వల్లా, ఎండ వల్లా, మందుల వల్లా, అన్నీ కలిసా అని అడిగితే నా దగ్గర జవాబు లేదమ్మా. అందుకే ఈ రక్తం కావాలి. రెండేళ్ళు వాళ్ళ గడపలు తొక్కితే ఈ పొద్దు చెయ్యి చాపారు. మళ్ళీ చాపమంటే చాపరు."

"ఆ రక్తం ఎంతసేపు ఆగుతుంది డాక్టర్?"

"చల్లగా ఉంటే సాయంత్రం అయిదు దాకా. ఆ తర్వాత పరీక్ష చేసినా వచ్చే అంకెను నమ్మలేం."

ఇంకా మూడు గంటల ఇరవై నిమిషాలు ఉంది. దేవసేన కుర్చీ లాక్కుని ఆనంద్‌రాజ్‌కు ఎదురుగా కూర్చుంది.

"మొదట్నించి చెప్పు. టైములతో సహా చెప్పు."

"ఏడింటికి మొదలుపెట్టినాం మేడమ్, కొత్తమిట్ట సబ్‌సెంటర్‌లో. పదిన్నరకు ముగిసింది. పదీ యాభైకి అన్నీ సర్ది మూత బిగించినా. పదకొండూ ఇరవై అయిదుకు బస్సు ఎక్కినా."

"మధ్యలో ముప్పై అయిదు నిమిషాలు ఏం చేశావు?"

"పొద్దున్నించి ఏమీ తినలేదని నర్సక్క ఇడ్లీ పెట్టింది. వెనక వసారాలో కూర్చొని తిన్నా. పెట్టె ముందు గదిలో ఉన్నింది."

"బస్సులో?"

అతను తల దించుకున్నాడు. "పక్కన పెరుమాళ్ కూర్చున్నాడు మేడమ్. పొదటూరుపేటలో పురుగుమందుల అంగడి ఆయనదే. ఈ సర్వే వస్తే తన మందుల మీద నింద పడతాదని పోయిన వారం ఊర్లో గొడవ చేసినాడు. పొదటూరుపేటలో బస్సు అయిదు నిమిషాలు నిలిచింది. నేను టీకి దిగినా. పెట్టె సీటు మీదనే పెట్టిపోయినా. ఆయన అక్కడే దిగేసినాడు."

దేవసేన ఒక ఐసు పలకను పైకి తీసింది. బొటనవేలితో నొక్కింది. రాయిలా ఉంది. పలక అంచున గీతలో తెల్లటి పీచు ముక్కలేవో గడ్డకట్టి అతుక్కున్నాయి. గోటితో గీకి, వేలి కొసన పెట్టుకుని వాసన చూసింది. తర్వాత ఆ వేలిని డాక్టర్ ముందు చాచింది.

"మీ ల్యాబ్ ఫ్రీజర్లో కొబ్బరి తురుము పెడతారా?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "లేదమ్మా."

"అయితే ఈ పలకలు గడ్డకట్టింది ఎవరింటి ఫ్రిజ్‌లోనో."

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ సుందరరాజ్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు దేవసేన కిందనే పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆమె కనపడిన ప్రతిచోటా అతని దవడ బిగుసుకుంటుంది.

"అక్కా, నువ్వు తొందరపడి వచ్చినట్టుండావు. దొంగ దొరికినాడు. పెరుమాళ్ స్టేషన్లో కూర్చోనుండాడు."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకుంటాడు."

దేవసేన తన ఫోన్ ఎత్తి చూపింది. "పెరుమాళ్ సంగతి డాక్టర్ ఫోన్లోనే చెప్పాడు. దారిలో వస్తూ ఆ బస్సు కండక్టర్‌తో మాట్లాడాను. పెరుమాళ్ ఎక్కినప్పుడు చేతిలో ఒక గుడ్డ సంచి. దిగినప్పుడూ అదే సంచి. ఈ పెట్టె చూడు సుందరం. రెండు చేతులతో మొయ్యాలి. ఇలాంటిది ఇంకొకటి బస్సులోకి ఎలా ఎక్కించాడు? దీన్ని పెట్టి దాన్ని ఎలా దించాడు?"

"ఎవడో సాయం చేసుంటాడు."

"కండక్టర్ కళ్ళముందరనా?"

"అదంతా విచారణలో తేలతాది. పెట్టె ఇట్లియ్యి. సాక్ష్యం అది. ప్రైవేటు మనుషులు ముట్టుకోకూడదు." పెట్టె పట్టీ మీద చెయ్యి వేశాడు.

దేవసేన వదల్లేదు. ఇద్దరి చేతులూ ఆ పట్టీ మీదే ఉన్నాయి. "తీసుకో. పెట్టెతో నాకు పని లేదు. అయిదు లోపల రక్తం దొరకాలి. పెరుమాళ్‌ను కూర్చోబెట్టుకుంటే దొరికేట్టయితే చెప్పు, నేనిక్కడే ఉంటా."



"నువ్వు కొత్తమిట్టకు పోకూడదు" అన్నాడతను పెట్టె తన వైపు లాక్కుంటూ. "కేసు నాది."

"రోడ్డు నీది కాదు కదా" అని దేవసేన లేచింది.

అప్పటికి రెండూ అయిదు.

మే నెల కత్తిరి ఎండలో తారు మెత్తబడి కారు చక్రాలకు అంటుకుంటోంది. పొదటూరుపేటలో పెరుమాళ్ అంగడి ముందు దేవసేన రెండు నిమిషాలు మాత్రం ఆగింది. షట్టర్ సగం దించి ఉంది. పెరుమాళ్ భార్య రంజిత మెట్టు మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"ఎన్ని గంటలకు తీసుకుపోయారమ్మా?"

"అన్నానికి రమ్మని ఫోన్ చేసినా అక్కా. మాట్లాడతా ఉంటేనే జీపు వచ్చినట్టుండాది. పోలీసు సార్ వచ్చినాడే అన్నాడు, కట్ అయిపోయింది." ఆమె ఫోన్ తెరిచి చూపించింది. ఒంటిగంటా పది.

దేవసేన ఆ అంకెను రెండుసార్లు చూసింది. డాక్టర్ ఫిర్యాదు చేసింది ఒంటిగంటా ఇరవై అయిదుకు. ఫిర్యాదు రావడానికి పదిహేను నిమిషాల ముందే నేరస్థుణ్ణి పట్టుకున్న పోలీసును ఆమె తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

"నీళ్ళు తాగమ్మా" అంది రంజితతో. "సాయంత్రానికి ఇంటికి వస్తాడు."

కొత్తమిట్ట సబ్‌సెంటర్ రెండు గదుల భవనం. ముందు గది వైద్యానికి, వెనక గది నర్సు నివాసానికి. దేవసేన చేరేసరికి రెండూ యాభై. వాకిట్లో ఎవరూ లేరు. ముందు గదిలో పొద్దుటి కుర్చీలు వరసగా అలాగే ఉన్నాయి.

ఆమె ఎవరినీ పిలవకుండా గది చూసింది. గోడ అలమరలో పై అరలో టీకాల పెట్టె పెట్టే చోటు ఖాళీగా ఉంది. చుట్టూ దుమ్ము, మధ్యలో పెట్టె అడుగంత మేర శుభ్రంగా నలుచదరం. కింది అరలో సెలైన్ సీసాల అట్టపెట్టె, దానిలో రెండు సీసాలు తక్కువ. మూల సింకు దగ్గర బ్లీచింగ్ వాసన కొడుతోంది. అప్పుడే కడిగినట్టుంది. పసుపు చెత్తబుట్టలో వాడిన దూది కింద ఎర్రటి రబ్బరు మూత ఒకటి కనిపించింది. ఒకటే.

"ఎవరమ్మా?"

వెనక గుమ్మంలో వరదమ్మ నిలబడి ఉంది. యాభై ఏళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరి నర్సు. ఇక్కడి పిల్లల్లో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. యూనిఫారం చీర ఇంకా మార్చుకోలేదు.

దేవసేన తనెవరో చెప్పింది. ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేదు. "ముందు కొంచెం చల్లటి నీళ్ళియ్యి తల్లీ. గొంతు ఎండిపోయింది."

వరదమ్మ వెనక గదిలోకి నడిచింది. దేవసేన కూడా వెంట వెళ్ళింది. గోడవారన ఫ్రిజ్ గుర్రుమంటూ నడుస్తోంది. వరదమ్మ దాన్ని దాటుకుని పోయి, మూలనున్న కుండలో గ్లాసు ముంచింది.

"ఫ్రిజ్ ఉంది కదా" అంది దేవసేన.

వరదమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"దాన్లో నీళ్ళు లేవమ్మా."

"ఇడ్లీ చట్నీకి కొబ్బరి తురుము తీశావు కదా. దాని పక్కనున్న ఐసు పలకలు తీసి నీ టీకాల పెట్టెలో సర్ది, ఆ పిల్లాడు తింటుండగా పెట్టెలు మార్చావు. తీసేటప్పుడు తురుము అంటుకుంది. అది నువ్వు చూసుకోలేదు." దేవసేన గొంతు పెంచలేదు. "పారబోశావా, దాచావా? అది ఒక్కటి చెప్పు. తిట్టడానికి రాలేదు నేను."

వరదమ్మ గ్లాసు కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత ఫ్రిజ్ ముందు కూర్చుని తలుపు తెరిచింది. కూరగాయల అరలు తీసేసి ఖాళీ చేసిన చోట, తడిగుడ్డ కప్పి, ట్యూబుల స్టాండు నిలబెట్టి ఉంది. ఎర్ర మూతలు వరసగా ఉన్నాయి.

"చల్లగానే పెట్టినానమ్మా" అంది. "చెడిపోకూడదని పెట్టినా. ఎందుకు పెట్టినానో నాకే తెలీలే. దొంగతనం చేసినదాన్ని, పారేసుంటే సరిపోయేది."

దేవసేన కింద ఆమె పక్కనే కూర్చుంది. "ఎందుకు చేశావు?"

"పొద్దున అయిదున్నరకు ఈడ కంపెనీ బస్సు నిలుస్తాది. పద్దెనిమిది మంది ఎక్కుతారు. ఆడపిల్లలు ఏడుగురు. అందరూ నేను టీకాలు వేసిన పిల్లోళ్ళే. ఊరి పేరు పేపర్లో వచ్చిందంటే, కొత్తమిట్టోళ్ళకు కిడ్నీ రోగమంట అని తెలిసిందంటే, ఆ బస్సు ఈడ నిలుస్తాదా? ఆ పని పోతే మళ్ళీ చెరుకు నరికేదానికే పోవాల. పన్నెండు గంటల ఎండలో, ఒక బాటిలు నీళ్ళతో. అట్ల పోయినోళ్ళే గదమ్మా చచ్చినారు." ఆమె తడిగుడ్డ అంచు సర్దింది. "పద్నాలుగు మందికీ చివర్లో సూదులు వేసింది నేనే."

 ఆ భయం అబద్ధం కాదని దేవసేనకు తెలుసు. తన తండ్రి కూడా మగ్గం మీద దగ్గు దాచుకుని పనిచేసినవాడే. తెలిస్తే పని పోతుందని.

"డాక్టర్ పేర్లు బయట పెట్టడు వరదమ్మా. ఆ కాగితంలో నంబర్లే ఉంటాయి."

"చెప్పినాడు. నేను నమ్మినా. కానీ..." వరదమ్మ మాట మింగేసింది.

దేవసేన స్టాండు మీద గుడ్డ తీసి వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై. రెండు పక్కన నాలుగు ఉంది. మధ్యలో కన్నం ఖాళీ.

"మూడో నంబరు ఎవరిది?"

వరదమ్మ జవాబు చెప్పేలోగా బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు ముందు గది దాటి గుమ్మంలోకి వచ్చింది. సుందరరాజ్ తెరిచి ఉన్న ఫ్రిజ్‌నూ, కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళనూ చూశాడు.

"వరదమ్మా, లెయ్యి. అక్కా, నువ్వు బయటికి పో."

"సుందరన్నా, ఇంక నా వల్ల కాదు" అంది వరదమ్మ.

అన్నా అన్న ఆ పిలుపు చాలింది దేవసేనకు. "ఈ ఊరు నీదా సుందరం?"

అతను గుమ్మాన్ని పట్టుకున్నాడు.

"ఫిర్యాదు ఒంటిగంటా ఇరవై అయిదుకు. నువ్వు పెరుమాళ్‌ను ఎత్తింది ఒంటిగంటా పదికి. పదిహేను నిమిషాల ముందే నీకెవరు చెప్పారో ఇప్పుడు తెలిసింది. ఆ మూడో నంబరు నీకేమవుతాడు?"

గుమ్మం పట్టుకుని నిలబడ్డవాడు నెమ్మదిగా టోపీ తీశాడు. కాసేపు దాన్ని చేతుల్లో తిప్పాడు.

"మా అక్క కొడుకు. గోకుల్." టోపీ చంకన పెట్టుకున్నాడు. "మా బావ దేవరాజులు ఈ ఊర్లోనే చెరుకు నరికినాడు. నలభై నాలుగేళ్ళకు పోయినాడు. మూడేళ్ళు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నేనే తీసుకుపోయినా. అప్పుడు గోకుల్‌కు పదిహేడు. నేనే పెంచినా. ఇప్పుడు పోలీసు సెలెక్షన్‌కి తయారవతా ఉండాడు. వచ్చే వారం మెడికల్. పొద్దున ఎనిమిదికి వరదమ్మ ఫోన్ చేసింది, వాని మూత్రం పరీక్ష పట్టీ రంగు మారింది అని. ఆ ట్యూబు పోకూడదు అన్నా. ఆ ఒకటే అన్నా అక్కా. అంతా తీస్తాదని నాకు తెలీదు."

"ఒకటే తీస్తే ఎవరిదో తెలిసిపోతాది గదన్నా" అంది వరదమ్మ. "అంతా పారబోద్దామని సింకు కాడికి పోయినా. మొదట వానిదే పోసినా. రెండోది చేత్తో పట్టుకున్నా. దాని మీద ఉండేది ధనకోటి నంబరు. మొగుడు పోయి ఆరు నెలలు కాలేదు దానికి. ఇంక చెయ్యి రాలే."

దేవసేన సుందరరాజ్ వైపు తిరిగింది. కోపం రావలసిన చోట ఆమెకు రాలేదు. "రిపోర్టు రాకపోతే రోగం రాదనుకున్నావా?"

"వచ్చే వారం దాటిపోతే చాలనుకున్నా. తర్వాత నేనే డాక్టర్ దగ్గరికి తీసుకుపోదామనుకున్నా." అతను జేబులోంచి ఫోన్ తీశాడు. "పెరుమాళ్‌ను సాయంత్రం వదిలేద్దామనుకున్నా."

"ఇప్పుడే వదిలెయ్."

అతను స్టేషన్‌కు ఫోన్ చేసి రెండు మాటల్లో చెప్పాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే వరదమ్మ లేచి నిలబడింది.

"అన్నా, నీకు చెప్పనిది ఇంకొకటుండాది." ఆమె అతని దగ్గరికి వచ్చింది. "మోకాలు నొప్పని నెల రోజులుగా రోజుకు మూడు నొప్పి మాత్రలు మింగతా ఉండాడు. మెడికల్ షాపులో కొనుక్కుంటా ఉండాడు. పొద్దున గూడా నా ముందరే రెండు మింగినాడు. మామకు చెప్పొద్దు, పరుగు ఆపిస్తాడు అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

"ఏ పరుగు?" అంది దేవసేన.

సుందరరాజ్ చప్పున గోడ వైపు తిరిగి టైము చూశాడు. "కోచింగ్ సెంటర్ వాళ్ళది. తిరువళ్ళూరు అవతల గ్రౌండు అద్దెకు తీసుకున్నారు. ఈ పొద్దు ట్రయల్. మూడున్నరకు."

గడియారంలో మూడూ ఇరవై ఎనిమిది.

దేవసేన అప్పటికే డాక్టర్‌కు ఫోన్ కలిపి స్పీకర్ నొక్కింది. నాలుగు వాక్యాల్లో విషయం చెప్పింది. అవతల యేసురత్నం కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది.

"పరిగెత్తనివ్వకండి. దెబ్బతిన్న కిడ్నీ, పైన నొప్పి మాత్రలు, ఈ ఎండలో పరుగు. మూడూ కలిస్తే ప్రాణానికే ముప్పు. ఆ అబ్బాయి రక్తం పొద్దుటిది ఉంటే కిడ్నీ ఎంత దెబ్బతిన్నదో నాకు తెలిసేది. ఉందా?"

వరదమ్మ చూపు ముందు గదిలోని సింకు వైపు పోయింది.

సుందరరాజ్ గోకుల్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. సెంటర్ మాస్టారికి చేస్తే ఎంగేజ్.  వరదమ్మ గోడకు చేరబడి కళ్ళు మూసుకుంది. దేవసేన మాత్రం చేతులు ఆపలేదు. అలమరలో ఉన్న టీకాల సంచి తీసి, ఫ్రీజర్లో మిగిలిన ఐసు పలకలు పరిచి, ట్యూబుల స్టాండును నిలువుగా దింపి, తడిగుడ్డ కప్పింది.

మూడూ నలభై ఒకటికి ఫోన్ మోగింది. మాస్టారి నంబరు. సుందరరాజ్ స్పీకర్ నొక్కాడు.

"సార్, గోకుల్ మూడో రౌండులో పడిపోయినాడు. తెలివి ఉండాది సార్, మాట్లాడతా ఉండాడు. నీళ్ళు పోసినాము. పొద్దున టెస్టుకు ఇచ్చినప్పట్నించి మళ్ళీ మూత్రమే రాలేదంటా ఉండాడు. అంబులెన్సుకు చెప్పినాము."

 ఫోన్ అందుకుంది దేవసేన. "నీడకు చేర్చండి. ఏ మాత్రా ఇవ్వకండి, నొప్పన్నా ఇవ్వకండి. డాక్టర్ నంబరు పంపిస్తా, అంబులెన్సు వాళ్ళ చేత మాట్లాడించండి."

"సరి మేడమ్. మేడమ్, ఇంకొకటి." అవతల అరుపులు, ఈలలు వినిపిస్తున్నాయి. "గోకుల్ ఒక్కడే కాదు. ఇంకా ఇద్దరు పడినారు. తణికైవేల్, ముకేశ్. నలభై మందిని పరిగెత్తించినాము, మిగతావాళ్ళంతా బాగానే ఉండారు. పడిన ముగ్గురూ కొత్తమిట్టోళ్ళే."



"ఆ ఇద్దరూ పొద్దున రక్తం ఇచ్చారా?" అని దేవసేన వరదమ్మను అడిగింది.

"ఇచ్చినారు. పదకొండు, ఇరవై ఆరు." వరదమ్మ మోకాళ్ళ మీద కూర్చుని సంచిలో వెతికి, రెండు ట్యూబులూ వెలుతురుకు ఎత్తి చూసింది. "ఉండాయి. రెండూ ఉండాయి."

సుందరరాజ్ వంగి ఆ సంచిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకున్నాడు. జీపు తాళం దేవసేన ముందుకు చాచాడు.

"నువ్వు నడుపు అక్కా. నా చేతులు నిలవడం లేదు."